తిరుగు బెల్లు

గోదావరిఖని
14-9-2008

బిడ్డా యమునా,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఊఁ" తప్ప ఇంకేమీ అనడం లేదని మీ పెద్దమ్మ తిట్టింది. "పిల్ల గంత దూరం నుంచి మాట్లాడుతుంటె మూగోని లెక్క గా ఊఁ ఏంది?" అన్నది. ఏం చేయను, ఫోన్లో నాకు మాట రాదు. కాగితం మీద అయితే జర నయం.

నువ్వు అడిగిన పని అయింది. తన పని సంగతి, జబ్బు సంగతి గులాం భాయ్ చెప్పాడు, నేను రాశాను. మూడు పేజీలు వచ్చింది. ఏం రాయాలని అడిగితే "బొగ్గుబాయి మీద ఎప్పుడు రాసినట్టే రాయి" అన్నాడు. అట్లాగే మొదలుపెట్టాను. బిళ్ళ నంబరు 417, గులాం అలీ, బ్రేకు ఫిట్టరు. బాయిలోకి మనుషుల్ని దింపే ఇంజనుకు ఇరవై ఆరేళ్ళు బ్రేకులు చూశాడు. రిటైరయ్యాక రామగుండం స్టేషన్ దిక్కున ఒక సేటు షెడ్డులో ఏడేళ్ళు బ్రేకు పట్టీలు కోశాడు. పట్టీల డబ్బాలు పై దేశాల నుంచి వచ్చేవి. మన క్వార్టర్ల మీది రేకుల్లో ఉండే రాతినారే, అదే ఆస్బెస్టాస్, వాటిలోనూ ఉంటుందని నువ్వు చెప్పేదాకా మాకు తెలియదు. కోస్తే తెల్లటి దుమ్ము లేచేది. రబియా బీ వదిన అప్పట్లో నవ్వేదట, "షెడ్డుకు పోతున్నవా, పిండి గిర్నీకి పోతున్నవా?" అని.

ఇప్పుడు మంచం నుంచి నల్లా దాకా పోవడానికి మధ్యలో ఒకసారి కూర్చుంటున్నాడు.

ఎక్స్‌రే కూడా పంపుతున్నాను. ఉన్నది అదొక్కటే. వదిన దిండు గలీబులో చుట్టి ఇచ్చింది. "అన్నా, ఇది పోయినట్టే తిరిగి రావాలె" అన్నది. రావాలి బిడ్డా.

ఇంకొక మాట. పేరు బయటికి రావద్దు. అతీక్ ఇప్పుడు అదే షెడ్డులో, వాళ్ళ నాయన నడిపిన మిషను మీదే ఉన్నాడు. ఇల్లు వాడి మీదే నడుస్తున్నది. మీ నాన్న బాయిలో చనిపోయిన ఏడాది నిన్ను రోజూ సైకిలు మీద బడి దగ్గర దించింది గులాం భాయ్. నేను ఇంతకంటే చెప్పనక్కర లేదు.

అక్కడ చలి ఎట్లా ఉందో రాయి.

మీ పెద్దబాపు
సదయ్య

బ్రస్సెల్స్
12 అక్టోబరు 2008

పెద్దబాపుకు,

నీ కవరు నిన్న వచ్చింది. నీ చేతిరాత చూసి ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. మూడు పేజీలూ ఇంగ్లిషులోకి నేనే మార్చాను. పిండి గిర్నీ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పేరు ఎక్కడా రాదు. నల్ల సిరాతో నేనే కొట్టేశాను. ఊరి పేరు కూడా కొట్టేశాను. గులాం చిచ్చా సైకిలు వెనక కూర్చున్న పిల్లనే నేను, మరిచిపోతానా?

ఇక్కడ చట్టం ఎట్లా అవుతుందో చెప్పమన్నావట, పెద్దమ్మ ఫోన్లో చెప్పింది. ఇరవై ఏడు దేశాలు కలిసి ఒక కూటమిగా ఉన్నాయి. జెండా, పోలీసు, మంత్రులు ఎవరివి వాళ్ళవే. కొన్ని సంగతుల్లో మాత్రం అందరికీ ఒకటే చట్టం. ఆ చట్టం మూడు గడపలు తొక్కాలి. మొదటిది కమిషన్. ముసాయిదా రాసి ముందు పెట్టే హక్కు దానిదే. రెండోది పార్లమెంటు, జనం ఓట్లేసి పంపినవాళ్ళది. మూడోది మంత్రుల మండలి, దేశానికి ఒక మంత్రి. పార్లమెంటు దిద్దుతుంది, మండలీ దిద్దుతుంది. ఇద్దరి చేతిలో ఉన్న కాగితం అక్షరం తేడా లేకుండా ఒకటయ్యేదాకా అది చట్టం కాదు. మొదటిసారి కుదరకపోతే రెండోసారి చదువుతారు. అప్పుడూ కుదరకపోతే రెండు దిక్కుల మనుషులు ఎదురెదురుగా కూర్చుని రాజీ పడాలి. అక్కడా తెగకపోతే చట్టం పోయినట్టే.

ఇప్పుడు నడుస్తున్నది రాతినార చట్టం. తమ దేశాల్లో దాన్ని వాడకూడదని వీళ్ళు ముందే ఆపేశారు. కానీ దానితో చేసిన సరుకు బయటి దేశాలకు అమ్ముకుంటున్నారు. మా సంఘంలో నలుగురమే ఉన్నాం, కార్మికుల ఆరోగ్యం కోసం పనిచేస్తాం. మేము ఒక క్లాజు రాసి ఒక సభ్యురాలికి ఇచ్చాం. ఆమె దాన్ని ముసాయిదాలో పెట్టించింది. పదకొండో క్లాజు: "ఇక్కడి కార్మికుడికి పనికిరానిది ఏ దేశపు కార్మికుడికీ అమ్మరాదు." అంతే. ఆ ఒక్క వాక్యం నిలబడితే చిచ్చా షెడ్డుకు డబ్బాలు రావు.

దీని మీద పార్లమెంటులో విచారణ వసంతంలో. అది కాగానే ఎక్స్‌రే పంపిస్తాను.

చలి బాగానే ఉంది. మన మే నెలను తలుచుకుంటూ కాచుకుంటున్నాను.

నీ యమున

గోదావరిఖని
7-12-2008

బిడ్డా,

నీ ఉత్తరం గులాం భాయ్‌కి చదివి వినిపించాను. వాళ్ళ చిన్నమ్మాయి మహెజబీన్ కాలేజీ నుంచి వచ్చి తనూ కూర్చున్నది.

"ఇరవై ఏడు దేశాలా?" అన్నాడు గులాం భాయ్. "మన యూనియన్ల ఐదుగురుంటె ఆరు మాటలైతయి. గాళ్ళు ఒక్క కాయితం మీదికి ఎట్లొస్తరన్నా?"

"అందుకే మూడు గడపలు తిప్పుతున్నరంట."

"తిరిగి తిరిగి కాయితం అరిగిపోతదేమో చూడు."

నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా మహెజబీన్ వీపు రాసింది.

నువ్వు రాసింది నాకు అర్థమైంది. ముప్పై రెండేళ్ళు బాయి ఇంజను నడిపినవాణ్ణి. కింద ఉన్నవాడు మూడు బెల్లులు కొడితే మనుషులు ఎక్కారని. అది విని నేను ఇంజను కదిలించకూడదు. పైన ఉన్నవాడు కూడా అవే మూడు తిరిగి కొట్టాలి. దాన్ని తిరుగు బెల్లు అంటాం. రెండూ ఒకటైతేనే లివరు మీద చెయ్యి వేయాలి. మీ పార్లమెంటుది కింది బెల్లు, మంత్రులది తిరుగు బెల్లు. తిరుగు బెల్లు లేనిది ఏదీ కదలదు. తిరుగు బెల్లు అక్కరలేనిది ఒక్కటే ఉంది. ఒక్క బెల్లు కొడితే ఆపమని. దానికి ఎవరి జవాబూ అక్కర లేదు, విన్నవాడు ఆపాల్సిందే.

ఈ మాట చెబితే గులాం భాయ్ బాగా ఖుషీ అయ్యాడు. "అయితె సమజైంది. తిరుగు బెల్లు ఇన్నంక నాకు చెప్పు" అన్నాడు.

అతీక్ పెండ్లి మాటలు నడుస్తున్నాయి. మంచిర్యాల పిల్ల.

ఉంటాను.
మీ పెద్దబాపు

స్ట్రాస్‌బర్గ్
24 ఏప్రిల్ 2009

పెద్దబాపూ,

ఈ ఉత్తరం ఇంకో ఊరి నుంచి. ఇక్కడి పార్లమెంటు నెలకోసారి పెట్టెలు సర్దుకుని ఈ ఊరికి వస్తుంది, నాలుగు రోజులుండి మళ్ళీ పోతుంది. పెద్దమ్మకు చెప్పు, వారం సంతకు పోయినట్టే.

పదకొండో క్లాజు గెలిచింది! ఓట్లు పడ్డప్పుడు నేను పైన గ్యాలరీలో నిలబడి ఉన్నాను. విచారణ రోజున చిచ్చా ఎక్స్‌రేను లైటు పెట్టె మీద పెట్టి చూపించారు. బొగ్గు గనుల దేశం నుంచి వచ్చిన ఒక ముసలి సభ్యుడు లేచి, "ఇట్లాంటి ఫిలిం మా ఇంట్లో కూడా ఉంది" అని కూర్చున్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. నాకు నువ్వు గుర్తొచ్చావు.

చిచ్చా చెప్పిన మూడు పేజీలు ఇరవై మూడు భాషల్లోకి మారాయి.

నీ లెక్కలో ఇది కింది బెల్లు. తిరుగు బెల్లు ఇంకా రావాలి. జూన్‌లో ఇక్కడ ఎన్నికలు, కొత్త సభ్యులు వస్తారు. ఆ తర్వాత మంత్రులతో మాటలు.

ఎక్స్‌రే ఇంకా ఫైలులో ఉంది. చట్టం తేలేదాకా తీయకూడదంటున్నారు. నేను వెంటపడుతున్నాను.

నీ బిడ్డ

గోదావరిఖని
21-6-2009

బిడ్డా,

సంతోషం. గులాం భాయ్ కండ్లలో నీళ్ళు వచ్చాయి. "ఇరవై మూడు భాషలల్ల దగ్గిన్నా నేను?" అన్నాడు.

రెండు సంగతులు.

దవాఖానలో కొత్తగా ఫిలిం తీశారు. డాక్టరు పాతది తెమ్మన్నాడు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత పెరిగిందో తెలుస్తుందట, దాన్ని బట్టి మందు రాస్తాడట. వదిన నన్ను అడిగింది. వస్తుందని చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. అది నాకు ఎక్కువ బాధైంది.

రెండోది. షెడ్డు సేటు అతీక్‌ను పిలిచి, "మీ నాయిన బాయి మీద ఏ ఇంజన్ల పని చేసిండురా?" అని అడిగాడట. ఎన్నడూ లేనిది ఎందుకు అడిగాడో తెలియదు. నీ దిక్కు నుంచి ఏమన్నా జారిందా? జర చూడు.

ఎండలు చంపుతున్నాయి. వాన జాడ లేదు.

పెద్దబాపు

బ్రస్సెల్స్
19 సెప్టెంబరు 2009

పెద్దబాపూ,

ఆలస్యమైంది, క్షమించు. ఆఫీసులో ఊపిరి సలపని పని.

పేరు గురించి ఫికర్ పెట్టుకోకు. మళ్ళీ చూశాను, ప్రతి పేజీలోనూ నల్ల సిరానే ఉంది. సేటు ఊరికే అడిగి ఉంటాడు.

ఇప్పుడు మాటలు ఒక మూసిన గదిలో నడుస్తున్నాయి. పార్లమెంటు తరఫున కొందరు, మంత్రుల తరఫున కొందరు, కమిషన్ తరఫున కొందరు. రెండోసారి, మూడోసారి చదివే పని లేకుండా ముందే అక్కడ తేల్చుకుంటారు. మాలాంటివాళ్ళను లోపలికి రానివ్వరు. ఏం మాట్లాడుకున్నదీ రాసి బయట పెట్టరు. బయట వరండాలో కాఫీ తాగుతూ, వచ్చిపోయేవాళ్ళ మొహాలు చూస్తూ ఉంటాం.

కానీ మంచి మాటే వినిపిస్తున్నది. రెండు దిక్కులా ఒప్పందం కుదిరింది. చట్టం దక్కుతుంది. చిచ్చాకు ధైర్యం చెప్పు.

ఎక్స్‌రే సంగతి మరిచిపోలేదు.

నీ యమున

గోదావరిఖని
30-11-2009

యమునా,

అతీక్‌ను షెడ్డు నుంచి తీసేశారు.

సేటు వాడి ముందు ఒక కాగితాల కట్ట పెట్టాడట. ఇంగ్లిషులో ఉంది. డబ్బాలు పంపే కంపెనీవాళ్ళే అక్కడి నుంచి పంపారట. ఆ కాగితం మీ పార్లమెంటు కంప్యూటరులో ఎవరైనా చూసుకోవచ్చట. పేరు నల్లగా ఉంది, ఊరు నల్లగా ఉంది. నిజమే, నువ్వు చెప్పినట్టే కొట్టేశావు.

దాని పైన 417 అట్లాగే ఉంది.

నీకు నేను చెప్పాలా? బాయిలో పేరుతో ఎవరిని పిలిచారు? దీపం తీసుకుంటే ఆ నంబరు, హాజరుకు ఆ నంబరు, మీ నాన్నను పైకి తెచ్చినప్పుడు మొహం తెలియక పోల్చుకున్నది మెడలోని బిళ్ళతోనే. గులాం అలీలు ఈ ఊళ్ళో పది మంది ఉంటారు. బ్రేకు ఫిట్టరు 417 ఒక్కడే. షెడ్డులో సగం మంది పాత బాయి మనుషులే. సేటు అడగ్గానే చెప్పారు.

తప్పు నాది కూడా. ఆ నంబరు మొదట రాసింది నేనే. అలవాటు. కానీ నేను నీకు రాశాను, ఇరవై ఏడు దేశాలకు రాయలేదు.

అతీక్ నన్ను చూసి పక్క గల్లీలోకి తిరిగాడు. మంచిర్యాల వాళ్ళు పెండ్లి మాట ఎత్తడం లేదు. గులాం భాయ్ మాత్రం ఒకటే అంటున్నాడు. "పోనీ అన్నా. తిరుగు బెల్లు అయితె వచ్చింది గద. డబ్బాలే రాకపోతె షెడ్డుల పనేముంటది? ఇయ్యాల కాకుంటె రేపు అందరు ఎల్లేటోళ్ళే." నీ సెప్టెంబరు ఉత్తరం చదివి తిరుగు బెల్లు వచ్చిందని నేనే చెప్పాను. ఆ మాట పట్టుకుని ఉన్నాడు.

ఎక్స్‌రే పంపు.

సదయ్య పెద్దబాపు

బ్రస్సెల్స్
10 జనవరి 2010

పెద్దబాపూ,

ఏం రాయాలో తెలియక మూడుసార్లు చింపేశాను. 417 నా కళ్ళ ముందే ఉన్నది, నేను చూడలేదు. నాకు అది అంకెలాగే కనబడింది. బాయి పిల్లను, ఎట్లా కనబడిందో నాకే తెలియదు. అతీక్ కాళ్ళు పట్టుకుంటానని చెప్పు.

విచారణకు ఇచ్చిన ప్రతి కాగితమూ ఇక్కడ అందరికీ కనబడేటట్టు పెడతారు. జనానికి దాపరికం ఉండకూడదని.

చట్టం డిసెంబరులో అయింది. కొన్ని మార్పులతో. అచ్చు ప్రతి పంపుతున్నాను, చిచ్చాకు చూపించు. ఆయన లేకుంటే ఇది లేదు.

యమున

గోదావరిఖని
16-2-2010

యమునా,

అచ్చు ప్రతి అందింది. కాగితం మంచిగా ఉంది. మహెజబీన్‌తో చదివించాను, మా ఇంట్లోనే, గులాం భాయ్ లేకుండా.

పదకొండో క్లాజులో ఇట్లా ఉందట: ఐదేళ్ళకోసారి కమిషన్ ఒక నివేదిక రాయాలి. పిల్ల ముందుకూ వెనక్కూ రెండుసార్లు చదివింది. "పెద్దబాపూ, అమ్మరాదు అన్న మాట ఎక్కడా లేదు" అన్నది. పన్నెండులో లేదు, ఇరవైలో లేదు. చివరిదాకా లేదు.

ఇక్కడ రాష్ట్రం ఇస్తామని డిసెంబరు తొమ్మిదిన అన్నారు. రోడ్ల మీద రంగులు చల్లుకున్నారు. ఇరవై మూడున, ఆగండి, ఇంకా అందరినీ అడగాలి అన్నారు. బాయిలు బంద్ పెట్టారు, కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ళు అన్న మాట వెనక్కి తీసుకున్నది అందరూ టీవీలో చూశారు. ఎవరిని తిట్టాలో జనానికి తెలుసు.

మా పదకొండు ఎవరు తీశారో చెప్పు. నువ్వు చెప్పేదాకా గులాం భాయ్‌కి నేను ఏమీ చెప్పను.

సదయ్య

బ్రస్సెల్స్
8 మార్చి 2010

పెద్దబాపూ,

అడిగావు కనుక అబద్ధం రాయను.

మూసిన గదిలో మంత్రుల తరఫువాళ్ళు, పదకొండు ఉంటే సంతకం లేదన్నారు. ఆ పట్టీలు చేసే ఫ్యాక్టరీలు రెండు పెద్ద దేశాల్లో ఉన్నాయి. మా సభ్యురాలు బయటికి వచ్చి మా ఆఫీసుకు ఫోన్ చేసింది. "పదకొండు వదులుకుంటే మిగతా ముప్పై నాలుగు దక్కుతాయి. లేకుంటే మొత్తం పోతుంది. మీరు రేపు పత్రికల్లో నా మీద పడబోమని రాసిస్తే నేను ఒప్పుకుంటాను. సాయంత్రం ఐదింటిలోపు చెప్పండి" అన్నది.

మా సంఘంలో నలుగురం. ఇద్దరు వద్దన్నారు. ఇద్దరం సరేనన్నాం. ఐదు కావస్తుంటే ఆ ఉత్తరం రాసి పంపింది నేనే. నాలుగు వాక్యాలు. "పదకొండో క్లాజు తొలగింపుపై మా సంఘానికి అభ్యంతరం లేదు." తారీఖు సెప్టెంబరు పదకొండు.

అవును. చిచ్చాకు ధైర్యం చెప్పమని నీకు రాసింది పంతొమ్మిదిన.

ఈ చట్టంతో ఇక్కడ పాత ఇళ్ళు కూలగొట్టే కూలీలకు, ఓడలు విరగ్గొట్టేవాళ్ళకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేస్తారు. లక్షల మంది. అది చిన్న సంగతి కాదు. ఐదేళ్ళ తర్వాత నివేదిక వచ్చినప్పుడు మళ్ళీ అడగొచ్చు. ఇక్కడ చట్టాలు ఇట్లాగే అవుతాయి పెద్దబాపూ. ఎవరూ మొత్తం గెలవరు. ఏదో ఒకటి బల్ల మీద పెట్టాలి.

మన దగ్గర ఉన్నది పదకొండే. అదే పెట్టాను.

ఎక్స్‌రే ఫైలులోంచి తీయించి వేరే పార్సిల్లో పంపాను. నన్ను తిట్టు. ఫోన్లో "ఊఁ" అనవద్దు, తిట్టు.

యమున

గోదావరిఖని
9-5-2010

యమునకు,

నీ ఉత్తరం మార్చి చివర్లో వచ్చింది. తారీఖులు నేనూ చూశాను. పదకొండు, పంతొమ్మిది. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు రెండు ఫిలింలు పెట్టి చూడాలనుకున్నట్టు.

ఏప్రిల్ ఇరవై ఆరున గులాం భాయ్ పోయాడు.

ముందు రోజు పొద్దున నన్ను పిలిపించాడు. దిండ్లు మూడు పెట్టి కూర్చోబెట్టారు, పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. వదిన విసనకర్ర విసురుతున్నది. అతీక్ గుమ్మంలో నిలబడ్డాడు. వాడు ఇప్పుడు మంచిర్యాలలో మోటారు మెకానిక్ దగ్గర ఉంటున్నాడు.

"సదన్నా" అన్నాడు. "ఆగినయా డబ్బాలు?"

నేను ఆయన వెనక దిండు సర్దాను.

"తిరుగు బెల్లు నువ్వు ఇన్నవు గద?"

"ఇన్న" అన్నాను.

"మూడేనా?"

"మూడే. ఆగినయ్ గులాం భాయ్."

"అయితె ఇగ ఫికర్ లేదు" అని కండ్లు మూసుకున్నాడు. అతీక్ నా మొహం చూశాడు. వాడికి తెలుసు. అంతకు ముందు వారమే స్టేషన్‌లో కొత్త డబ్బాలు దిగాయి, దించినవాళ్ళలో వాడి దోస్తులు ఉన్నారు. వాడు వదిన చేతిలోని విసనకర్ర తీసుకుని విసరసాగాడు.

ముప్పై రెండేళ్ళలో వినని బెల్లును విన్నానని నేను ఎన్నడూ అనలేదు. పండుగ పూట అనలేదు, జ్వరంలో అనలేదు. అంటే మనుషులు చచ్చిపోతారు. ఆ రోజు అన్నాను. నువ్వు నాకు కొట్టిన బెల్లునే నేను ఆయనకు కొట్టాను.

నువ్వు లక్షల మంది అన్నావు. కావచ్చు. నేను చదివింది ఐదో తరగతి, లక్షలు నాకు తెలియవు. నాకు తెలిసింది ఇది. మేము చెప్పుకున్న మాట అందరూ చూసే కాగితంలో పెట్టారు. మా మాటను తీసేసిన మాట ఎవరూ చూడని గదిలో పెట్టారు. దాపరికం లేనిది మాకు, దాపరికం మీకు.

మంత్రులు మోసం చేశారంటే బాధపడను. వాళ్ళు నన్ను ఎరుగరు. సైకిలు వెనక ఎవరు కూర్చున్నారో వాళ్ళకు తెలియదు.

చావు తర్వాత చేసే జియారత్ అయిన మూడో రోజు పార్సిల్ వచ్చింది. నేనే తీసుకుపోయి ఇచ్చాను. వదిన ఫిలిం తీసి తలుపు వెలుతురుకు పట్టుకున్నది. ఛాతీ ఎడమ దిక్కున మీవాళ్ళు ఒక చీటీ అంటించారు. దాని మీద పొడుగు నంబరు ఉంది. వదిన గోటితో గీరింది, ఊడలేదు. "గిదేం నంబరన్నా? ఆయనది నాలుగు వందల పదిహేడు గద?" అన్నది. నాకు తెలియదన్నాను. చీటీ ఊడేటట్టు లేదని చూసి, అదే దిండు గలీబులో చుట్టి పెట్టెలో పెట్టుకున్నది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయే పని ఇక లేదు.

నీకు చదువు చెప్పించినందుకు నాకు బాధ లేదు. మీ పెద్దమ్మ గోడ మీది నీ ఫోటో తీయలేదు, నేనూ తీయమనలేదు. ఫోన్ వస్తే ఆమె ఎత్తుతుంది.

ఒక్క బెల్లు కొడితే ఆపమని, దానికి జవాబు ఉండదని నీకు ముందే రాశాను. ఇది ఒక్క బెల్లు.

బిళ్ళ నంబరు 388
సదయ్య